ఇల్లు మారక తప్పదు సరే, బడి కూడా మారాలా?

ప్రశ్న: మాది వరంగల్ శివనగర్. కిరాయి ఇల్లు. మా ఆయన ఎనుమాముల మార్కెట్లో హమాలి, నేను ఇంట్లో మిషన్ కుడతాను. పాప ఎనిమిదో తరగతి, బాబు నాలుగో తరగతి, ఇద్దరూ సర్కారు బడిలోనే. రెండేళ్లలో మూడు ఇళ్లు మారినం. మొదటి రెండుసార్లు బడి కూడా మార్చినం, అదీ సంవత్సరం మధ్యలోనే. పాపకు లెక్కల్లో మార్కులు పడిపోయినయి. బాబు ఇంకా కూడబలుక్కునే చదువుతడు. ఇప్పుడు ఓనర్ కొడుకు పెళ్లి ఉందని సంక్రాంతి కల్లా ఖాళీ చేయమన్నడు. ఇక్కడ 5,500 కడుతున్నం, మడికొండ దిక్కు 3,500కు ఇల్లు దొరుకుతదట. "పిల్లలే కదా, ఏ బడైనా అలవాటు పడతరు" అంటడు మా ఆయన. పాపను హాస్టల్‌లో వేద్దామా? ఆత్మకూరు దగ్గర మా ఊళ్లో నూరు గజాల జాగా ఉంది, అక్కడికే పోదామా? ఏం చేయమంటారు?

సమాధానం: సంక్రాంతికి ఇల్లు మారండి, బడి మార్చకండి. ఈ విద్యా సంవత్సరం ముగిసేదాకా పిల్లలిద్దరూ ఇప్పుడున్న బడిలోనే ఉండాలి. మడికొండ ఇల్లు మీకు కలిసిరాదు, లెక్క కింద వేసి చూపిస్తాం. హాస్టల్, సొంతూరి జాగా విషయం చివర్లో.

మీ ఆయన మాటలో సగం నిజం ఉంది. పిల్లలు కొత్త గల్లీకి, కొత్త దోస్తులకు నెలరోజుల్లో అలవాటు పడతారు. చిక్కు పాఠం దగ్గర వస్తుంది. రాష్ట్రమంతా సర్కారు బడుల్లో పుస్తకాలు ఒకటే కాబట్టి ఏ బడిలో కూర్చున్నా ఒకటే అనుకుంటాం. పుస్తకం ఒకటే కానీ నడక ఒకటి కాదు. ఒక బడిలో దసరా సెలవులకు ముందే భిన్నాలు అయిపోతాయి, ఇంకో బడిలో దీపావళి తర్వాత మొదలవుతాయి. అటు నుంచి ఇటు వచ్చిన పిల్ల ఒక పాఠం రెండుసార్లు వింటుంది. ఇటు నుంచి అటు పోయిన పిల్ల ఆ పాఠం అసలు వినదు. తెలుగులో, సాంఘికంలో ఒక పాఠం పోతే ఆ ఒక్క పాఠమే పోతుంది. లెక్కలు అట్ల కాదు. ఏడో తరగతిలో సామాన్య సమీకరణాలు వినని పిల్లకు ఎనిమిదిలో ఏకచరరాశి రేఖీయ సమీకరణాలు ఎక్కవు. ఏడులో నిష్పత్తులు జారిపోతే ఎనిమిదిలో అనుపాతం పాఠం గోడలా నిలబడుతుంది. మీ పాపకు తెలివి తగ్గలేదు. ఇల్లు మారిన నెలల్లో నడిచిన పాఠాలు ఆమెకు అందలేదు, అంతే.

దీన్ని ఇంట్లోనే పట్టుకోవచ్చు. ఏడో తరగతి లెక్కల పుస్తకం మళ్లీ తీయించండి. మీ దగ్గర లేకపోతే వాడలో ఎవరింట్లోనైనా ఉంటుంది. ప్రతి అధ్యాయంలో మొదటి అభ్యాసం నుంచి రెండేసి లెక్కలు చేయమనండి. రోజుకు మూడు అధ్యాయాల చొప్పున చేస్తే వారంలో పుస్తకమంతా అవుతుంది. చేయలేకపోయిన అధ్యాయాల పేర్లు ఒక కాగితం మీద రాసి బడిలో లెక్కల సారుకో టీచర్‌కో ఇవ్వండి. "మా పాప లెక్కల్లో వీక్" అంటే ఏ టీచరూ ఏమీ చేయలేరు. "ఈ మూడు పాఠాలు వినలేదు సార్" అంటే చేయగలరు. ఇల్లు మారిన నెలలు కూడా ఆ కాగితం మీదే రాయండి, చాలావరకు రెండూ సరిపోలుతాయి.

మారడం ప్రతిసారీ పిల్లలకు చెడుపే అనుకోవద్దు, అయితే నష్టం ఉన్న మాటా నిజమే. అమెరికాలో టెక్సస్ రాష్ట్రపు బడుల లెక్కలు తీసుకుని ఎరిక్ హనుషెక్ బృందం 2004లో ప్రచురించిన పరిశోధనలో, పిల్లల రాకపోకలు ఎక్కువగా ఉన్న బడిలో మారిన పిల్లలే కాదు, అక్కడే ఉండి చదువుకునే పిల్లలు కూడా నష్టపోతున్నారని తేలింది. అదే దేశంలో 1994లో మొదలైన ఒక గృహ పథకాన్ని రాజ్ చెట్టి బృందం ఏళ్ల తర్వాత పరిశీలించి 2016లో చెప్పింది ఇంకో మాట: పేదరికం బాగా ఉన్న వాడల నుంచి మెరుగైన వాడలకు పదమూడేళ్లలోపే మారిన పిల్లలు పెద్దయ్యాక ఎక్కువ సంపాదించారు, పదమూడు దాటాక మారిన వాళ్లకు ఆ మేలు కనబడలేదు. వాళ్ల ఊళ్లు వేరు, మన వాడలు వేరు. అయినా ఎక్కడికి, ఏ వయసులో, ఏ నెలలో అన్న మూడు ప్రశ్నలు ఇక్కడా అవే. కిరాయి రెండు వేలు తగ్గుతుందని నడి సంవత్సరంలో ఊరి ఇంకో చివరికి పోవడం ఈ మూడింటిలో దేనికీ జవాబు కాదు.

ఇక మడికొండ లెక్క. కిరాయిలో మిగిలేది నెలకు 2,000. మీ ఆయనకు పని ఎనుమాములలో, ఇల్లు కాజీపేట దాటాక. రానుపోను సుమారు 35 కిలోమీటర్లు. బండి లీటరుకు 50 ఇచ్చినా రోజుకు 0.7 లీటరు, లీటరు 107 రూపాయల లెక్కన 75 రూపాయలు. నెలలో 26 రోజుల పనికి 1,950. ఇప్పుడు శివనగర్ నుంచి పోయే ఖర్చు తీసేసినా, మిగిలిన రెండు వేలలో చాలావరకు పెట్రోల్ బంకులోనే పోయినట్టు. ట్రాలీ ఆటో కిరాయి, కొత్త ఇంటి అడ్వాన్సు, మీ దగ్గర బట్టలు కుట్టించుకునే వాళ్లు చెదిరిపోవడం ఇందులో కలపలేదు. వాడ మారితే టైలర్‌కు మళ్లీ గిరాకీ కుదరడానికి రెండు మూడు నెలలు పడుతుందని మీకు మేం చెప్పనక్కర్లేదు.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. శివనగర్ వరంగల్ జిల్లా, మడికొండ హన్మకొండ జిల్లా. నగరం ఒకటే అయినా 2021 నుంచి జిల్లాల పేర్లు, హద్దులు ఇవి. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలకు లోకల్ ఎవరన్నది 1 నుంచి 7వ తరగతి దాకా ఎక్కడ చదివారన్న దాని మీద తేలుతుంది, ఏడేళ్లలో నాలుగేళ్లు ఎక్కడైతే అక్కడ. బాబు నాలుగులో ఉన్నాడు కాబట్టి వాడికి ఈ లెక్క ఇంకా నడుస్తోంది. దీనికోసం భయపడి ఇల్లు వదులుకోనక్కర్లేదు కానీ, ఇప్పటిదాకా చదివిన ప్రతి బడి నుంచి ఇద్దరికీ బోనఫైడ్, అంటే ఏ ఏడాది ఏ తరగతి అక్కడ చదివారో చెప్పే సర్టిఫికెట్, తీసి పెట్టుకోండి. పదిహేనేళ్ల తర్వాత మూడు బడుల చుట్టూ తిరిగి పాత రిజిస్టర్లు వెతికించడం నరకం. ఇప్పుడైతే సార్లకు మీ పిల్లల మొహాలు గుర్తుంటాయి.

అయితే ఇల్లు ఎక్కడ చూడాలి? బడిని మధ్యలో పెట్టుకుని చుట్టూ చూడండి. తొమ్మిదేళ్ల బాబు ఇరవై నిమిషాల్లో నడిచిపోగలిగే దూరం, అంటే కిలోమీటరున్నర లోపు. మధ్యలో రైలు పట్టాలు, పెద్ద రోడ్డు వాడొక్కడే దాటాల్సిన పని ఉండొద్దు. శివనగర్‌లోనే ఇంకో గల్లీ, లేదంటే కరీమాబాద్, రంగశాయిపేట వైపు మీ బడికి దగ్గరపడే ఇళ్లు. కాస్త దూరమైనా పాపకు పరవాలేదు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకంలో ఆడపిల్లలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకోవాలి, ఊరికే ఎక్కి కూర్చుంటే ఒప్పరు. బాబుకు స్టూడెంట్ పాస్ తీయాలి. అందుకే ఇంటి దూరాన్ని బాబు కాళ్లతో కొలవమంటున్నాం.

ఇప్పుడున్న ఓనర్‌తో ఒకసారి మాట్లాడి చూడండి. పెళ్లి ముహూర్తం ఎప్పుడో కనుక్కోండి. చాలాసార్లు ఓనర్‌కు కావలసింది పెళ్లి పది రోజులకు చుట్టాలు దిగడానికి చోటు, ఇల్లు మొత్తం ఎప్పటికీ కాదు. అట్లయితే ఆ పది రోజులు ఒక గది ఇస్తామని, ఏప్రిల్ 24న బడులకు సెలవులు ఇవ్వగానే ఖాళీ చేస్తామని కాగితం మీద రాసిస్తామని అడగండి. కొత్త కోడలికి పోర్షన్ కావాలంటే మాత్రం గట్టిగా పట్టుకుని లాభం లేదు. చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి: అగ్రిమెంట్ లేకుండా నెలనెలా కిరాయి కట్టే ఇంటికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం కనీసం పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి, ఖాళీ చేయకపోతే కోర్టుకు పోవాలి తప్ప కరెంటు తీసేయడం, సామాన్లు గల్లీలో పడేయడం కుదరదు. ఇది బెదిరింపు వస్తే కాచుకోవడానికే. ఓనర్ మీద కేసు వేసి అదే ఇంట్లో పిల్లల్ని చదివించడం ఎవరివల్లా కాదు.

మీరు రాయకపోయినా, రెండేళ్లలో మూడు ఇళ్లు మారారంటే కిరాయి బాకీ కూడా ఒక కారణం అయి ఉండొచ్చు. హమాలీ ఇళ్లల్లో అది వచ్చే నెలలు దాదాపు ఒకటే. అక్టోబర్ నుంచి పత్తి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి, మార్కెట్ నిండుగా ఉన్నన్నాళ్లు చేతిలో పైసలు ఆడతాయి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా బస్తాలు పలచబడతాయి. సరిగ్గా అప్పుడే బడి ఖర్చులు మొదలవుతాయి, వాన మొదలవుతుంది, మిషన్ పని కూడా దసరా దాకా అంతంతే. ఆగస్టులో రెండు నెలల బాకీ, సెప్టెంబర్‌లో ఓనర్‌తో మాట పట్టింపు, దసరాకు కొత్త ఇల్లు. అది అర్ధవార్షిక పరీక్షల ముందు. దీన్ని తెంచే చోటు మార్చి, ఏప్రిల్. మిర్చి సీజన్‌లో వారం వారం వచ్చే కూలీ లోంచి వారానికి ఒక వెయ్యి పక్కన పెడితే పది పన్నెండు వారాల్లో రెండు నెలల కిరాయి చేతిలో ఉంటుంది. దాన్ని ఇంట్లో ఉంచకండి. జూలై, ఆగస్టు కిరాయి అని చెప్పి మే నెలలోనే ఓనర్‌కు ముందుగా కట్టేసి రసీదు తీసుకోండి. ఇంట్లో ఉన్న పైసలు ఏదో ఒక పెళ్లికో జ్వరానికో పోతాయి. ముందు కిరాయి అందుకున్న ఓనర్ నడి వానకాలంలో ఇంకొకరిని తెచ్చుకోవాలని చూడడు. అద్దె ఎప్పుడు కట్టినా ఫోన్‌లో పంపి, ఏ నెలదో అక్కడే రాయండి. చేతికిచ్చిన పైసలకు సాక్ష్యం ఉండదు.

కొత్త ఇంటికి అగ్రిమెంట్ తప్పకుండా రాయించుకోండి, వందరూపాయల స్టాంపు కాగితం మీద, ఇద్దరు సాక్షులతో. అందరూ పదకొండు నెలలకే రాసుకుంటారు. అక్కడ జరిగే పొరపాటు ఏంటంటే, ఇంట్లో దిగిన రోజు నుంచే పదకొండు నెలలు లెక్కబెడతారు. జనవరి మధ్యలో దిగితే గడువు డిసెంబర్ మధ్యలో తీరుతుంది, మళ్లీ నడి సంవత్సరంలోనే. మీరు రెండు కాగితాలు అడగండి. మొదటిది దిగిన రోజు నుంచి మే 31 దాకా. రెండోది జూన్ 1 నుంచి ఏప్రిల్ 30 దాకా, సరిగ్గా పదకొండు నెలలు. అప్పుడు ఇల్లు మారే గండం ఎప్పుడొచ్చినా వేసవి సెలవుల్లోనే వస్తుంది. ఖాళీ చేయమంటే రెండు నెలల ముందు చెప్పాలని, కిరాయి ఏడాదికి ఎంత పెంచుతారో అంకెతో సహా రాయాలని అడగండి. వంద, రెండు వందల కిరాయి తగ్గించమని బేరమాడేదానికన్నా ఈ తేదీల మీద బేరమాడండి. ఓనర్‌కు దీనివల్ల నష్టం లేదు కాబట్టి చాలామంది ఒప్పుకుంటారు.

ఇల్లు చూడటానికి పగలు ఒకసారి, రాత్రి ఏడు గంటలకు ఒకసారి పోండి. పగలు పోతే గోడలు కనబడతాయి, రాత్రి పోతే చప్పుడు వినబడుతుంది. గోడ అడుగున రంగు తేడాగా ఉండి గీతలా కనిపిస్తే అది నీళ్లు నిలిచిన గుర్తు. 2020 ఆగస్టులో, 2023 జూలైలో మన నగరంలో నాలాలు పొంగి ఎన్ని ఇళ్లల్లో పుస్తకాలు, సర్టిఫికెట్లు నానిపోయాయో తెలిసిందే. ఓనర్‌ను అడిగితే "మా గల్లీకి రాలే" అంటాడు. ఎదురింటి ముసలమ్మను అడగండి. రెండోది, బాత్రూంకు ఎన్ని కుటుంబాలు? ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ పొద్దున ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా నాలుగు కుటుంబాలు ఒక్క బాత్రూం ముందు నిలబడితే బడికి ఆలస్యమయ్యేది పిల్లలే, పెద్దవాళ్లు కాదు. రెండు కుటుంబాలకు ఒకటైతే నడుస్తుంది. ఆడపిల్ల ఎనిమిదికొచ్చింది, బాత్రూంకు లోపలి గడియ, లైటు ఉన్నాయా చూడండి. నల్లా ఏ టైంకు వస్తుంది? బడి టైంకు వచ్చేదైతే బిందెల దగ్గర నిలబడేది ఎవరు? మీరు మిషన్ మీద ఉంటే పాపే నిలబడుతుంది. వారంలో రెండుసార్లు మొదటి పీరియడ్ పోతుంది, ఆ మొదటి పీరియడ్ చాలా బడుల్లో లెక్కలదే.

చప్పుడు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, శివనగర్‌లో రైలు పట్టాలు పక్కనే కాబట్టి. న్యూయార్క్‌లో వంతెన మీద రైళ్లు పోయే ఒక బడిలో పట్టాల వైపు గదుల్లో కూర్చున్న పిల్లలకూ, అవతలి వైపు పిల్లలకూ చదవడంలో తేడా ఉందని ఆర్లీన్ బ్రాన్‌జాఫ్ట్ 1975లో చూపించారు. ఆరో తరగతికి వచ్చేసరికి పట్టాల వైపు పిల్లలు ఇంచుమించు ఏడాది వెనకబడ్డారు. తర్వాత పట్టాల కింద రబ్బరు వేసి, గదుల పైకప్పుకు చప్పుడు పీల్చే పలకలు బిగించాక ఆ తేడా పోయింది. మీ బాబు ఇప్పుడు అక్షరాల చప్పుడును విని పట్టుకునే దశలో ఉన్నాడు. వాడికి పొల్లు, ఒత్తు తేడా చెవికి అందాలి. అందుకే పట్టాల వైపు కిటికీ ఉన్న పోర్షన్ కన్నా గోడ ఉన్న పోర్షన్ తీసుకోండి. ఫంక్షన్ హాలు వెనక, వైన్ షాపు పక్కన ఇల్లు ఎంత చవకైనా వద్దు.

చప్పుడు మన ఇంట్లో కూడా ఉంటుంది. మిషన్‌కు మోటారు బిగించి ఉంటే, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా బట్టలు ఇచ్చేవాళ్లు, తీసుకునేవాళ్లు వస్తుంటే, ఒక్క గది ఇంట్లో పిల్లలు ఏ మూల కూర్చుంటారు? ఫ్రాన్స్‌లో డొమినిక్ గూ, ఎరిక్ మోరాన్ 2005లో ఇరుకు ఇళ్ల మీద చేసిన పరిశోధనలో, గది పంచుకుని పెరిగిన పిల్లలు తరగతి తప్పి వెనకబడటం ఎక్కువని తేలింది. పిల్లకో గది ఇవ్వడం మనవల్ల కాదు, గంట ఇవ్వడం అవుతుంది. గిరాకీని సాయంత్రం ఐదులోపు, లేదా ఎనిమిది తర్వాత రమ్మనండి. ఆరున్నర నుంచి ఎనిమిది దాకా మిషన్ ఆపి చేతిపని, అంటే హుక్కులు, కాజాలు, అంచులు పెట్టుకోండి. టీవీ, ఫోన్ బంద్. ఆ గంటన్నర మీరు అక్కడే కూర్చుంటే చాలు, పాఠం చెప్పనక్కర్లేదు. రెండు అడుగులు, మూడు అడుగుల చెక్క ఒకటి, ఇటుకల మీద పెట్టినా సరే, ఎప్పుడూ ఒకే మూల. పైన నడినెత్తిన ఒక్క బల్బు ఉంటే పిల్ల నీడే పుస్తకం మీద పడుతుంది. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ ఒకటి ఎడమ పక్కకు తెచ్చుకోండి.

నిద్ర సంగతి. మార్కెట్‌కు పోయే మీ ఆయన తెల్లవారకముందే లేస్తాడు. ఒక గదిలో లైటు పడితే పిల్లల నిద్ర చెదురుతుంది, పది గంటలకు పడుకుని నాలుగింటికి చెదిరితే ఆ పిల్ల బడిలో రెండో పీరియడ్‌కే తూగుతుంది. తొమ్మిదేళ్ల వాడికి కనీసం తొమ్మిది గంటలు, పాపకు ఎనిమిది గంటలు పైమాటే ఉండాలి. ఆయన బట్టలు, చెప్పులు, టిఫిన్ రాత్రే తలుపు దగ్గర పెట్టండి, పిల్లల చాప తలుపుకు దూరంగా గోడవారకు వేయండి. రేకుల ఇల్లయితే మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక మధ్యాహ్నం ఇంట్లో కూర్చోలేరు. రేకుల మీద తెల్ల సున్నం రెండు పూతలు ఫిబ్రవరిలోనే వేయించుకుంటామని ఓనర్‌ను అడగండి. మీ ఖర్చే అయినా పెద్దది కాదు. చదువును పొద్దున, సాయంత్రానికి మార్చండి.

సామాన్లు సంక్రాంతి సెలవుల్లోనే దింపండి. పిల్లల బ్యాగులు, యూనిఫాం, ఆధార్, బోనఫైడ్లు ఒక సంచిలో పెట్టి మీ చేతిలోనే ఉంచుకోండి, ట్రాలీలో వేయకండి. బడి తెరిచిన మొదటి రోజే పిల్లలు పోవాలి. ఇల్లు సర్దుకునే పేరుతో వారం మాన్పించడం అందరూ చేసే తప్పే. రేషన్ కోసం హడావిడిగా కార్డు మార్చుకోనక్కర్లేదు, రాష్ట్రంలో ఏ షాపులోనైనా తీసుకోవచ్చు.

ఎప్పుడైనా బడి మార్చక తప్పకపోతే, అది బడులు తెరిచే జూన్ 12కు ముందు, సర్కారు బడుల్లో పిల్లల్ని చేర్పించే బడిబాట నడిచే రోజుల్లో చేయండి. పాత బడిలో టీసీతో పాటు మూడు అడగండి: మార్కుల రికార్డు, బోనఫైడ్, పిల్ల పెన్ నంబరు (ఒక్కో పిల్లకు ఇచ్చే శాశ్వత విద్యా సంఖ్య). ఆ నంబరు ఆన్‌లైన్‌లో పాత బడి విడుదల చేస్తేనే కొత్త బడి తన ఖాతాలోకి తీసుకోగలదు. టీసీ ఇచ్చి ఆన్‌లైన్‌లో వదలకపోతే పిల్ల పేరు రెండు చోట్లా సగం సగం వేలాడుతుంది, పుస్తకాలు, యూనిఫాం లెక్కల్లో రాదు. టీసీ ఆలస్యమైందని సర్కారు బడిలో "చేర్చుకోం" అంటే అది చట్టానికి విరుద్ధం. 2009 విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్‌లో, ఎనిమిదో తరగతి దాకా, టీసీ లేదని చేర్చుకోవడం ఆపొద్దని ఉంది. నడి సంవత్సరంలో మారాల్సి వస్తే ఇంకో కాగితం కూడా: ఒక్కో సబ్జెక్టు ఏ పాఠం దాకా అయిందో పాత క్లాస్ టీచర్ చేతి రాతతో. ప్రభుత్వం అడిగే కాగితం కాదిది, అయినా కొత్త టీచర్‌కు టీసీ కన్నా ఇదే పనికొస్తుంది. పాప తొమ్మిదికి వచ్చాక మాత్రం పది అయిపోయేదాకా బడి కదిలించకండి. పదిలో నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసేవాళ్ల పేర్ల జాబితా, బోర్డుకు పోయాక మారితే హాల్ టికెట్ దాకా తిప్పలే.

బాబు విషయానికి వస్తే, కూడబలుక్కుని చదవడం నాలుగో తరగతిలో ఆలస్యమే కానీ చేయి దాటలేదు. సర్కారు ప్రాథమిక బడుల్లో 2022 నుంచి తొలిమెట్టు కార్యక్రమం నడుస్తోంది, పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా చదివే స్థాయిని బట్టి చూడటం దాని పద్ధతి. వాడు ఏ స్థాయిలో ఉన్నాడో టీచర్‌ను అడగండి. ఇంట్లో రోజూ పది నిమిషాలు రెండో తరగతి తెలుగు వాచకం గట్టిగా చదివించండి, నాలుగోది కాదు. వాడికి తప్పులు రాని పుస్తకంతో మొదలుపెడితేనే వేగం వస్తుంది. మీకు చదవడం రాకపోయినా సరే, వేలు పెట్టి వెంట నడవండి.

హాస్టల్ అంటారా, ఇల్లు దొరకలేదన్న కారణానికి పాపను పంపకండి. పంపాల్సిన పరిస్థితి వేరే ఉంటుంది: మీరిద్దరూ సీజన్‌కు ఊరు విడిచి పనికి పోయేవాళ్లైతే, ఇల్లు ఎక్కడున్నా పిల్ల చదువు ఒకచోట ఉండటానికి హాస్టలే మంచి దారి. మీ పని నగరంలోనే ఉంది. అయినా ఆలోచన ఉంటే వచ్చే జూన్‌కు చూడండి. కస్తూర్బా విద్యాలయాల్లో ప్రవేశ పరీక్ష లేదు, తొమ్మిదిలో ఖాళీలుంటే చేర్చుకుంటారు. గురుకులాల్లో మిగిలిన సీట్లకు పరీక్ష రాయాలి. సంక్షేమ హాస్టల్‌లో ఉంటూ దగ్గరి సర్కారు బడికి పోవడం ఇంకో పద్ధతి. ఇప్పుడు నాలుగులో ఉన్న పిల్లలే ఐదో తరగతి గురుకుల ప్రవేశ పరీక్ష రాస్తారు కాబట్టి బాబుకు కూడా దరఖాస్తు చేయొచ్చు. చదవడమే తడబడుతున్న తొమ్మిదేళ్ల వాణ్ని మాత్రం ఈ ఏడాది మీ దగ్గరే ఉంచుకోండి.

ఆత్మకూరు దగ్గరి జాగా పోగొట్టుకోకండి, కానీ ఇప్పుడే అక్కడికి పోకండి. సొంత జాగా ఉన్నవాళ్లకు ఇందిరమ్మ ఇళ్ల పథకంలో 5 లక్షలు ఇస్తున్నారు. ఆ పైసలు ఒక్కసారి రావు, ఒక్కో దశ కట్టి ఫొటో తీశాకే ఆ దశ బిల్లు వస్తుంది. అంటే పునాది మీ సొంత డబ్బుతో లేపాలి, ఆ తర్వాత కూడా మేస్త్రీకి, సిమెంటుకు ముందు మీరే పెట్టుకుని బిల్లు కోసం ఆగాలి. కట్టే ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గొద్దు, 600 దాటొద్దు. జాగా కాగితాలు మీ ఆయన పేరు మీద ఉన్నాయా, ఇంకా మామగారి పేరు మీదే ఉన్నాయా ముందు చూసుకోండి. చాలా దరఖాస్తులు ఆగేది అక్కడే. పాప పది పూర్తయ్యేసరికి రెండున్నరేళ్లు. ఈలోపు ఊళ్లో పేరు రాయించి, మంజూరైతే ఎండకాలాల్లో కట్టుకోండి. అప్పు చేసి ఒకేసారి లేపాలని చూస్తే వడ్డీ కట్టేది నగరంలో కిరాయి పైసల్లోంచే, మళ్లీ బాకీ, మళ్లీ ఓనర్ మాట. బాబును ఊరి బడికి మార్చాల్సి వస్తే ఐదు అయిపోయాక మార్చండి. ప్రాథమిక బడి వదిలి హైస్కూల్‌కు ఎట్లాగూ మారాల్సిన ఏడాది అది.